అత్తయ్య మరిచిన సందు

అత్తయ్య పోయిందని ఆవిడ కూతురు, మా మరదలు ఫోన్ చేసేసరికి నేను మా కంపెనీ గోదాములో దూడల పాలపొడి బస్తాలు దింపిస్తున్నాను. "బావా, అయిపోయింది" అంది. వెనక ఆసుపత్రి బండి చక్రాల చప్పుడు వినిపించింది.  అత్తయ్య ఆఖరి చలికాలమంతా ఒక సందు పేరు కోసం గడిచింది. ఆ పేరు దొరక్కుండానే పోతుందా అని మేమిద్దరం రోజూ భయపడ్డాం. అసలు భయపడాల్సింది పేరు గురించి కాదని మాకు ఆలస్యంగా తెలిసింది.

న్యూజీలాండ్‌లో, ఈ హామిల్టన్‌లో మన ఉగాదికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆవిణ్ణి చూసే ఉంటారు. నేత చీర, తెల్లటి జుట్టు, నీలి కళ్ళు, నోరు విప్పితే కాకినాడ. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు ఆవిడ దగ్గరికి వెళ్ళి బిగుసుకుపోయి "హలో మేడమ్" అనేవారు. "మేడమ్ ఏంట్రా, పులిహోర అందిందా లేదా?" అనేది ఆవిడ. వాళ్ళు ప్లేటు ముందుకు చాపేవారు.

నాకు రాసే అలవాటు లేదు. ప్రతిరోజూ ఆ రోజు జమాఖర్చులు రాసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన రాత. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, తక్కిందంతా పనిచేస్తూ చూసి నేర్చుకున్నాను. అత్తయ్య గురించి తెలుగులో ఎవరైనా రాయాలని మరదలు అడిగింది. తనకు మన మాట అర్థమవుతుంది, అక్షరాలు రావు. అందుకని నేను రాస్తున్నాను.

మా మామయ్య, అంటే అమ్మకు అన్న, డెబ్బైల్లో చమురు బావుల చదువు కోసం రుమేనియా వెళ్ళాడు. అక్కడ ఆవిణ్ణి ఇష్టపడ్డాడు. ఆ రోజుల్లో అక్కడివాళ్ళు బయటి దేశం మనిషిని పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించారు. పెళ్ళయ్యాక కాకినాడ వచ్చి మా అమ్మమ్మ దగ్గర చాలాకాలం ఉన్నారు. ఆవిడ తెలుగు అమ్మమ్మ వంటింట్లో నేర్చిన తెలుగు. తర్వాత ఉద్యోగం మీద న్యూజీలాండ్ వచ్చి, చివరికి హామిల్టన్‌లో ఇల్లు కొనుక్కున్నారు. నేను ఈ దేశం వచ్చిన మొదటి ఏళ్ళు వాళ్ళ గరాజ్ పక్క గదిలోనే ఉన్నాను. మామయ్య పోయాక, నేను వేరే ఫ్లాట్‌లో ఉంటున్నా, పొద్దున్న పనికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ ఇంటికి వెళ్ళకుండా ఉన్న రోజు తక్కువ.

ఆవిడ పుట్టింది బుకారెస్ట్‌లో, ఒక కొండవాలు పేటలో. ఆ పేటకు యురానస్ అని పేరు, అక్కడి పెద్దవీధి పేరు మీద వచ్చింది. "నేను వేరే గ్రహం నుంచి దిగానని మీ అమ్మమ్మకు మొదటిరోజే అర్థమైపోయింది" అని నవ్వేది. పొద్దున్నే కాఫీ కలుపుతూ తన ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి బడిదాకా మనసులో నడవడం ఆవిడ అలవాటు. పైకే చెప్పేది. ఇక్కడ చెప్పులు కుట్టే ముసలాయన, ఇక్కడ కుక్క ఉన్న ఇల్లు, ఇక్కడ బేకరీ, అటు తిరిగితే చల్లనీళ్ళ బావి వీధి. ఆ పేరును వాళ్ళ భాషలో 'పుత్సుల్ కు ఆప రేచె' అనేది, అనగానే దాహం వేసినట్టు ఒక గుటక మింగేది. కొండ దిగితే ఊట అనే అర్థం వచ్చే వీధి. ఏరు దాటితే పాత బజారు, అక్కడ కమ్మరుల వీధి, జీనులు కుట్టేవాళ్ళ వీధి, జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి సరుకు తెచ్చి అమ్మేవాళ్ళ వీధి. డబ్బు మార్చేవాళ్ళ వీధిని జరాఫుల వీధి అంటారట. కాకినాడలో అమ్మమ్మ నగ బాగుచేయించడానికి షరాబు కొట్టుకు తీసుకువెళితే, ఆ మాట విని ఆవిడ కొట్టు మెట్ల మీదే ఆగిపోయిందట. వాళ్ళు పేటను మహలా అంటారు. హైదరాబాద్‌లో మొహల్లా అని వినగానే మామయ్య చెయ్యి పట్టుకుని గుంజిందట, ఇది మాది అని. తురుష్కుల పాలన రెండు వైపులకూ వదిలిన మాటలు అవి అని మామయ్య వివరించాడు. ఆవిడకు వివరణ అక్కర్లేదు, మాట దొరికింది చాలు.

హామిల్టన్‌లో కూడా అంతే. నేను వచ్చిన వారంలోనే నన్ను కారులో తిప్పి, ఈ ఊరి అసలు పేరు కిరికిరిరోవా అని, పొడవాటి గులకరాళ్ళ నేల అని దాని అర్థమని, నాచేత రెండుసార్లు పలికించింది. నాకు అప్పుడు కావలసింది ఎక్కడ బియ్యం చవకో తెలియడం. అది అడిగితే కసిరింది. "కొత్త ఊళ్ళో ముందు పేర్లు నేర్చుకోరా. ధరలు వాటంతటవే తెలుస్తాయి."

ఆ పేట ఇప్పుడు లేదు. ఎనభైల్లో ఆ దేశాన్ని ఏలినవాడు తనకొక మహాభవనం, దాని ముందు వెడల్పాటి రోడ్డు కావాలనుకున్నాడు. యురానస్ పేటలో ఇళ్ళు, బళ్ళు, తోటలు అన్నీ కూలగొట్టారు. కొన్ని చర్చిలను పట్టాల మీద జరిపి ఎత్తైన భవనాల వెనక దాచారు. మనుషులకు కొద్దిపాటి గడువిచ్చి ఊరి చివర కట్టిన అపార్ట్‌మెంట్లలోకి తోలారు. అత్తయ్య తల్లి కూడా అలాగే వెళ్ళింది. వెళ్ళిన మొదటి చలికాలమే పోయింది. అత్తయ్య అప్పుడు కాకినాడలో ఉంది. ఇల్లు పోయిన సంగతి, తల్లి పోయిన సంగతి ఇంచుమించు కలిసే తెలిశాయి.

ఆవిడకు ఒక తమ్ముడు ఉన్నాడు. అప్పట్లో ఆ నగరంలో ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేవాడు. తమ వీధి ఆ ప్లానులో ఉందని ఆయనకు ముందే తెలుసు, తల్లికి చెప్పలేదు. ఆ మాట అత్తయ్యకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడలేదు. ఆయన ఏటా తల్లి పోయిన రోజున ఫోన్ చేసేవాడు. మామయ్య ఉన్నంతకాలం తనే ఎత్తి మర్యాదగా రెండు ముక్కలు మాట్లాడేవాడు. మామయ్య పోయాక ఎత్తేవాళ్ళు లేరు. ఫోన్ మోగినంతసేపూ అత్తయ్య సింకు దగ్గర కుళాయి పూర్తిగా తిప్పి నిలబడేది. గిన్నెలేవీ ఉండేవి కావు.

కిందటి చలికాలం మొదట్లో డాక్టర్లు ఆవిడ గుండె అలిసిపోయిందన్నారు. ఆపరేషన్ వద్దంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని తాగే నీళ్ళకు కూడా కొలత పెట్టారు. ఆ వారంలోనే ఒక పొద్దున నేను వెళ్ళేసరికి స్టవ్ దగ్గర కదలకుండా నిలబడి ఉంది. పాలు పొంగి పోయాయి.

"బేకరీ దాటాను," అంది నన్ను చూడకుండా. "ఎడమకు మొదటి సందు వదిలేశాను. రెండోది. మేం రోజూ బడికి వెళ్ళిన సందు. దాని పేరు..."

"పేరేంటి అత్తయ్యా?"

"ఉండరా!"

నేను స్టవ్ ఆపాను. ఆవిడ మళ్ళీ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టింది. బేకరీ దాకా బాగానే వచ్చింది. సందు దగ్గర ఆగిపోయింది. ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి అదే కుర్చీలో, అదే చోట ఉంది.

పాత బుకారెస్ట్ మ్యాపు ఒకటి కంప్యూటర్‌లో వెతికి పట్టాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చేసి ఒక్కో పేరూ చదివాను. మామూలుగా అయితే నేను రుమేనియన్ పలికే తీరుకు పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ రోజు "కాదు" అంది. మళ్ళీ "కాదు." చివరికి తెర మీద చెయ్యి పెట్టి మూసేసింది. "ఈ మ్యాపు వేసినవాడు మా సందులోకి రాలేదు. ఇక చాలు."

మరదలు పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రిలో నర్సు. సెలవు పెట్టి వచ్చింది. తల్లి పడుకోకుండా, తినకుండా గొణుక్కోవడం చూసి దానికి భయం వేసింది, భయం కోపంగా బయటికి వచ్చింది.

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ స్ట్రీట్!"

"జస్టా? రేపు నీ పేరు మర్చిపోయి 'జస్ట్ ఎ డాటర్' అంటాను, ఊరుకుంటావా?"

మరదలు నా వైపు తిరిగింది. "బావా, నువ్వే చెప్పు. నా మాట వినదు. అంకుల్‌కి కాల్ చెయ్యమను. హీ విల్ నో."

ఆ ఇంట్లో ఆ మనిషి ప్రస్తావన ఎవరూ తెచ్చేవారు కాదు. నేను నెమ్మదిగా అన్నాను, పేరు సంగతి ఎలా ఉన్నా, ఒంట్లో ఇలా ఉన్నప్పుడు పుట్టింటికి కబురు చెయ్యకుండా ఉండడం మన పద్ధతి కాదని. అమ్మమ్మకు సుస్తీ చేసినప్పుడు ఆవిడ అన్నదమ్ములకు మొదట కబురు పంపింది అత్తయ్యే. ఆ పద్ధతి నాకంటే తనకే బాగా తెలుసు.

"ఏ పుట్టిల్లు?" అంది. "దాన్ని ప్రభుత్వం తీసేసుకుంది. ప్రభుత్వానికి పెట్టు కబురు."

ఇంకో పది రోజులకు ఆసుపత్రిలో చేర్చాం. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చేది. ఒక సాయంత్రం మరదలు టీ కోసం కిందికి వెళ్ళింది. అత్తయ్య నన్ను దగ్గరికి రమ్మంది.

"వాడికి తెలుస్తుందిరా. నాకంటే చిన్నవాడు, వాడి బుర్ర ఇంకా పనిచేస్తూ ఉంటుంది. అడుగు. పేరు ఒక్కటే అడుగు. నేను అడగమన్నానని చెప్పకు."

"మరి నేనెందుకు అడుగుతున్నానంటే ఏం చెప్పాలి?"

"నీకు రుమేనియా వీధుల మీద ఆసక్తి పుట్టిందని చెప్పు. నాకేం తెలుసు? నోరు లేదా నీకు?"

వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాను. ఆయనది ఆఫీసుల్లో నేర్చుకున్న ఇంగ్లీషు, నాది కొట్లలో నేర్చుకున్నది. నేను ఎవరో చెప్పి, సందు సంగతి అడిగాను.  

"అక్క ఎలా ఉంది?" అన్నాడు.

బాగాలేదని చెప్పాను.

"ఆ సందు పేరు నేను చెబుతాను. ఆమెకే చెబుతాను. ఆమెను అడగమను."

లోపలికి వచ్చి చెప్పాను. అత్తయ్య ముఖం ఎర్రబడింది. "చూశావా వాడి బుద్ధి! చిన్నప్పుడూ అంతే. బంతి దాచేసేవాడు, బతిమాలితే గానీ ఇచ్చేవాడు కాదు. చచ్చినా అడగను."

ఆ మాట ఉత్తుత్తి మాట కాదని నాకూ మరదలికీ తెలుసు. డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, ఇక వారాలు కాదు, రోజులేనని చెప్పాడు. మరదలు ఫోన్ లాక్కుని తనే మేనమామకు చేసింది. ఇంగ్లీషులో అరిచింది, మా అమ్మ పోతోంది, ఆ పేరేదో చెప్పేయండి, దాంతో మీకు వచ్చేదేమిటి అని. స్పీకర్ మీద ఆయన గొంతు చాలా శాంతంగా ఉంది.

"చెబితే విని ఫోన్ పెట్టేస్తుంది. చెప్పకపోతే నా మీద కోపంతో ఇంకో రోజు ఉంటుంది. నాకు మా అక్క తెలుసు."

మరదలు ఫోన్ నా చేతిలో పెట్టి గోడకు ఆనుకుంది. ఆయన అన్నది నిజమే కావచ్చు. అలా ఎన్ని రోజులు? రోజూ పని అయ్యాక నేను ఆ గదిలో కుర్చీలో కూర్చునేవాణ్ణి. అత్తయ్య కళ్ళు మూసుకుని ఉండేది, పెదాలు కదిలేవి. గేటు, కుక్క ఉన్న ఇల్లు, బేకరీ. ఆగిపోయేది. మళ్ళీ గేటు. ఊపిరి తగ్గుతున్న కొద్దీ గేటు నుంచి బేకరీ దాకా రావడానికి ఎక్కువసేపు పట్టేది. ఒకరోజు బేకరీ దాకా కూడా రాలేకపోయింది. ఆ రోజు కళ్ళు తెరిచి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఫోన్ ఇలా తే" అంది.

నంబరు కలిపి స్పీకర్ పెట్టి దిండు పక్కన ఉంచాను. నాకు వాళ్ళ భాష రాదు. అయినా మొదటి మాటే తిట్టు అని తెలిసింది. అవతల ఆయన నవ్వాడో, ఏడ్చాడో తేల్చుకోలేకపోయాను. అత్తయ్య ఇంకేదో అడిగింది. ఆయన జవాబు చాలా చిన్నది.  అది విని ఆవిడ వేలితో ఫోన్‌ను నా వైపు నెట్టింది. కట్ చేశాను.

"వాడికీ గుర్తులేదట" అంది.

"ఏంటీ?"

"గుర్తులేదటరా. నా గొంతు వినాలని అబద్ధం ఆడాడట. నాకు గుర్తులేదు, వాడికీ గుర్తులేదు. ఇక ఎవరికుంటుంది?"

గోడ వైపు తిరిగిపోయింది. మంచం పక్క యంత్రం మీద అంకెలు మారిపోవడం మొదలైంది, నర్సు పరుగున వచ్చింది. మమ్మల్ని బయటికి పంపారు. వరండాలో మరదలు "ఐ విల్ కిల్ హిమ్" అంటూ అటూ ఇటూ తిరిగింది.  ఆవిణ్ణి ఇన్నాళ్ళు నిలబెట్టింది ఆ పేరు ఎక్కడో ఒకచోట ఉందన్న నమ్మకం. దాన్ని మేమే తీసేశాం అనిపించింది.

ఆ తర్వాతి రోజు పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం భయంభయంగా గదిలోకి అడుగుపెట్టాను. అత్తయ్య దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మరదలు ఆవిడకు జడ అల్లుతోంది.

"ఇంతసేపా? ఫోన్ తియ్యి."

"ఎవరికి?"

"ఎవరికేంటి? ఆ అబద్ధాలకోరుకి. ఒక్కదాన్నే నడిస్తే దొరకలేదు. ఇద్దరం కలిసి నడిస్తే దొరుకుతుందేమో."

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నడిచారు. మాకు సాయంత్రం, ఆయనకు పొద్దున. గేటు దగ్గర మొదలుపెట్టేవారు. మాట తెలియకపోయినా కొట్లాట తెలుస్తుంది కదా. మధ్యలో అత్తయ్య ఫోన్ మీద చెయ్యి పెట్టి నాతో ఫిర్యాదు చేసేది. "చెప్పులాయన తలుపు నీలం అంటున్నాడు. ఆకుపచ్చరా! వీడి కళ్ళు ఎప్పుడూ అంతే." ఇంకోరోజు, "కుక్క వీణ్ణి కరిచిందట. కరిచింది నన్ను! కాలు మీద మచ్చ చూడు." నిజంగానే దుప్పటి తీసి చూపించింది. రోజుకు రెండు ఇళ్ళు దాటితే గొప్ప. తినడం మళ్ళీ మొదలుపెట్టింది. పడగొట్టిన ఇంటికి దారి చెప్పగలిగితే ఆ ఇల్లు సగం ఉన్నట్టే అని ఆవిడ ఎప్పుడూ అనేది. నేను అది ముసలివాళ్ళ మాట అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం మాత్రం కొట్లాట లేదు. ఆయన ఒక్కడే మాట్లాడాడు, చాలాసేపు. అత్తయ్య దుప్పటి అంచును వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ విన్నది. ఒక్క ప్రశ్న వేసింది. ఆయన జవాబు చెప్పాడు. ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఏమైందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడే చెప్పింది, ఆగి ఆగి.

కూల్చే ముందు ప్రతి ఇంటినీ కొలవాలట. తమ వీధి కొలిచే పని తమ్ముడు అడిగి మరీ తీసుకున్నాడట, అమ్మ గోడ మీద పరాయివాడు చెయ్యి వెయ్యకూడదని. ఆ సంగతి బయట చెబితే జైలే. సున్నం వేయించాలి, ఎంత పడుతుందో చూద్దామని తల్లితో అన్నాడట. తల్లి సంతోషపడి కొలతటేపు రెండో కొస పట్టుకుందట. వంటింటి నుంచి వీధి తలుపు దాకా గదిగదికీ తనే పట్టుకుని నిలబడిందట. తర్వాత ప్లమ్ పండ్లు కూరి ఉండలు చేసి పెట్టిందట. అత్తయ్య ఇక్కడ కూడా అవి చేసేది. మా అమ్మమ్మ వాటిని మీ ఊరి పూర్ణాలు అనేదట.

"తిన్నావా అని అడిగాను," అంది. "తిన్నానన్నాడు."

దుప్పటి అంచును మళ్ళీ మడుస్తూ అంది. "వెధవ. నాతోనైనా చెప్పి ఉండాల్సింది."

క్షమించిందా అని మరదలు నన్ను అడిగింది. నాకు తెలియదు. మర్నాడు సాయంత్రం మాత్రం నేను కోటు విప్పకముందే "ఫోన్" అంది.

చివరి రోజుల్లో ఇద్దరూ బేకరీ దగ్గరికి వచ్చారు. రొట్టె వాసన గురించి ఒక సాయంత్రమంతా పోయింది. తర్వాతి రోజు ఎడమకు తిరగాలి. నేను ఫోన్ కలిపేసరికి అత్తయ్య నిద్రలో ఉంది, లేపితే లేవలేదు. ఆయనకు చెప్పాను. "పెట్టెయ్యకు" అన్నాడు. ఫోన్‌ను దిండు మీద, ఆవిడ నోటికి దగ్గరగా పట్టుకున్నాను. గదిలో ఆవిడ ఊపిరి తీసి వదిలే చప్పుడు. అవతలి నుంచి ఆయన నెమ్మదిగా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఒకే లయలో, చిన్న చిన్న మాటలు. వీధులు చెబుతున్నాడని ఒకటి రెండు పేర్లను బట్టి గుర్తుపట్టాను. నా చెయ్యి తిమ్మిరెక్కింది, తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే మరదలి నుంచి నాకు గోదాముకు ఫోన్ వచ్చింది.

మా పద్ధతి ప్రకారం మొదటి కబురు పుట్టింటికి. ఫోర్క్‌లిఫ్ట్ మోత వినపడనంత దూరం నడిచి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి కావస్తూ ఉంటుంది. మొదటి రింగుకే ఎత్తాడు. నేను చెప్పింది విని, మీ పద్ధతిలో ఇప్పుడు పుట్టింటివాళ్ళు ఏం చెయ్యాలి అని అడిగాడు. రావాలి, చీర తేవాలి, కానీ మీరు ఈ వయసులో ఇంత దూరం రావద్దని చెప్పాను. "నేను వెళతాను" అన్నాడు. ఇక్కడికి వస్తానంటున్నాడనుకుని మళ్ళీ వద్దన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

పుట్టింటి చీర మరదలే పెట్టింది, మేనమామ తరఫున. దహనం అయ్యాక సాయంత్రం ఇంటికి వచ్చి ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఇంకా పొద్దున్నే. ఆయన నల్లకోటు వేసుకుని ఉన్నాడు. పలకరింపు లేకుండా ఫోన్‌ను ముందుకు తిప్పి నడవడం మొదలుపెట్టాడు.

వెడల్పాటి రోడ్డు కనబడింది, దాని చివర ఆ మహాభవనం. రోడ్డు దాటి పార్కులోకి వచ్చాడు. పొద్దుటి మంచుకు తడిసిన పచ్చిక, సిమెంటు బాట. ఎవరో కుక్కను తిప్పుకుంటున్నారు. ఆయన బాట మీద కొంతదూరం తిన్నగా వెళ్ళాడు. ఒకచోట ఆగాడు. అక్కడ మలుపు లేదు, చెట్టు లేదు, గుర్తు ఏదీ లేదు. ఎడమకు తిరిగాడు. బాట దిగి పచ్చికలో, భుజాలు దగ్గరికి తీసుకుని, రెండు గోడల మధ్య నడిచే మనిషిలా నడిచాడు. కుక్కను తిప్పుతున్న మనిషి ఆగి చూశాడు. కొంతదూరం పోయి కుడికి తిరిగాడు, ఇంకాస్త నడిచి, ఇంటి గడప ముందు ఆగినట్టు నిలబడ్డాడు. ఫోన్ కిందికి వంగింది. ఖాళీ పచ్చిక మీద ఆయన బూట్లు కనిపించాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది, మట్టి వదిలేలా గడ్డి మీద రాసి రాసి తుడుచుకుంటున్నాడు.